లిండ్‌బర్గ్: తపాలా విమానానికీ, సైనిక రిజర్వుకూ మధ్య ఒక జీవితం

అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా విమానంలో దాటిన తొలి మనిషి చార్లెస్ అగస్టస్ లిండ్‌బర్గ్. 1927 మే నెలలో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఆయన సాగించిన ముప్పై మూడున్నర గంటల ప్రయాణం విమానయాన చరిత్ర గమనాన్నే మార్చింది. అయితే అంతకు రెండేళ్ల ముందు ఆయన ఎదుట నిలిచిన ప్రశ్న చాలా సాధారణమైనది. నేటికీ ఎందరో యువ పైలట్లను అది కలవరపెడుతూనే ఉంది. విమానం నడపడం నేర్పిన సైన్యాన్నే అంటిపెట్టుకుని ఉండాలా? లేక నెలనెలా జీతం ఇచ్చే ఒక చిన్న ప్రాంతీయ విమాన సంస్థలో చేరాలా?

లిండ్‌బర్గ్ రెండింటినీ ఎంచుకున్నారు. మామూలు రోజుల్లో తపాలా సంచులతో ఎగిరారు. తీరిక వేళల్లో సైనిక రిజర్వు అధికారిగా యూనిఫాం ధరించారు. ఆయన కీర్తికి పునాది పడింది ఆ రెండు పనుల మధ్యనే. పదహారేళ్ల తర్వాత, 1941లో, సైనిక హోదాను ఆయన తనంతట తానే వదులుకున్నారు. దాని విలువ ఎంతటిదో ఆ తర్వాతే తెలిసివచ్చింది.

చదువు వదిలి ఆకాశం వైపు

లిండ్‌బర్గ్ 1902 ఫిబ్రవరి 4న అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జన్మించారు. మిన్నెసోటా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న లిటిల్ ఫాల్స్ పట్టణం దగ్గర ఆయన బాల్యం గడిచింది. తండ్రి చార్లెస్ ఆగస్ట్ లిండ్‌బర్గ్ న్యాయవాది. 1907 నుంచి పదేళ్లపాటు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగడాన్ని ఆయన బాహాటంగా వ్యతిరేకించారు. తల్లి ఎవాంజెలిన్ రసాయన శాస్త్ర ఉపాధ్యాయిని. జనమంతా ఒకవైపు ఉన్నా తాను నమ్మినదాన్ని వదలని తండ్రి స్వభావం కొడుక్కీ వచ్చింది. ముందు ముందు ఆయనకు పేరు తెచ్చినదీ, చేటు తెచ్చినదీ ఆ స్వభావమే.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదువు ఆయనకు రుచించలేదు. 1922లో దాన్ని మధ్యలోనే వదిలి, నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో ఒక విమాన శిక్షణ సంస్థలో చేరారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో తొలిసారి విమానం ఎక్కారు. ఒంటరిగా నడిపే దశకు చేరకముందే శిక్షణ విమానం అమ్ముడుపోయింది. దాంతో ఊరూరా తిరుగుతూ వైమానిక ప్రదర్శనలు ఇచ్చే బృందాల్లో చేరారు. ఎగురుతున్న విమానం రెక్కల మీద నడవడం, పారాచూట్‌తో దూకడం ఆయన వృత్తి అయ్యాయి. 1923లో జార్జియా రాష్ట్రంలో సైన్యం అమ్మకానికి పెట్టిన పాత జెన్నీ విమానాన్ని 500 డాలర్లకు కొన్నారు. తొలిసారి ఒంటరిగా ఎగిరింది అందులోనే.

ఆ జెన్నీ ఇంజిన్ శక్తి 90 హార్స్ పవర్. అదే కాలంలో సైన్యం నడిపే డీహావిలాండ్ విమానాల్లో 400 హార్స్ పవర్ ఇంజిన్లు ఉండేవి. సంతల్లో అయిదు నిమిషాల విహారానికి టికెట్లు అమ్ముకుంటూ బతికే యువకుడికి అలాంటి యంత్రాన్ని నడిపే అవకాశం సైన్యంలో తప్ప మరెక్కడా లేదు. 1924 మార్చిలో టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలోని బ్రూక్స్ ఫీల్డ్‌లో ఆయన క్యాడెట్‌గా చేరారు.

104 మందిలో మొదటివాడు

కళాశాలలో అంతంతమాత్రంగా చదివిన లిండ్‌బర్గ్ సైనిక పాఠశాలలో పూర్తిగా మారిపోయారు. రాత్రివేళ అందరూ నిద్రపోయాక కూడా పుస్తకాలు పట్టుకుని కూర్చునేవారు. శిక్షణ మొదలైన రెండు నెలలకే తండ్రి మరణించారు. ఆ దుఃఖంలోనూ చదువు ఆగలేదు. ఆ తరగతిలో 104 మంది చేరితే చివరికి 20 మంది కూడా మిగల్లేదు. మిగిలినవారిలో ఆయనదే ప్రథమ స్థానం.

పట్టా చేతికి రావడానికి వారం రోజుల ముందు, 1925 మార్చిలో, కెల్లీ ఫీల్డ్ గగనతలంలో ఆయన విమానం మరో శిక్షణ విమానాన్ని ఢీకొంది. రెండు విమానాలూ చిక్కుకుపోయి కూలిపోతుండగా పైలట్లిద్దరూ పారాచూట్లతో దూకి ప్రాణాలు దక్కించుకున్నారు. విమానం కన్నా మనిషి ప్రాణం విలువైనదనీ, దూకవలసిన క్షణంలో వెనకాడకూడదనీ సైన్యం నేర్పిన పాఠం ఆయనకు ఆ రోజే అక్కరకొచ్చింది. అది ఆయన్ను మరో మూడుసార్లు కాపాడింది.

హోదా ఉంది, కొలువు లేదు

1925 మార్చి మధ్యలో లిండ్‌బర్గ్ సైనిక వైమానిక రిజర్వులో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. ఇక్కడ రిజర్వు అనే మాటకు అర్థం చెప్పుకోవాలి. యుద్ధం లేని రోజుల్లో వేలమంది పైలట్లను జీతమిచ్చి పోషించే స్తోమత ప్రభుత్వాలకు ఉండదు. అందుకే శిక్షణ ఇచ్చి, హోదా కట్టబెట్టి, ఇంటికి పంపుతాయి. వారు తమ వృత్తి తాము చేసుకుంటారు. ఏటా కొన్నాళ్లు శిబిరంలో గడిపి విద్యకు పదును పెట్టుకుంటారు. అవసరం వచ్చి పిలిస్తే మాత్రం వెళ్లి తీరాలి.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఏడేళ్లు కావస్తోంది. సైన్యం ఖర్చు తగ్గించుకుంటోంది. తరగతిలో మొదటివాడైనా సరే, కొత్త పైలట్‌కు పూర్తికాలపు కొలువు ఇచ్చే స్థితిలో అది లేదు. రిజర్వు హోదా గౌరవమే గాని, దానితో ఇల్లు గడవదు. పైగా నెలల తరబడి ఎగరని పైలట్ చేతిలో నైపుణ్యం నిలవదు. బతుకుతెరువుకూ, నేర్చిన విద్యకూ రెండింటికీ రోజూ ఎగిరే పని కావాలి.

మరోవైపు పౌర విమానయానం అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. 1925 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ విమాన తపాలా చట్టం చేసింది. అప్పటిదాకా తపాలా శాఖ సొంతంగా నడిపిన విమాన మార్గాలను ప్రైవేటు సంస్థలకు కాంట్రాక్టుగా ఇచ్చేందుకు ఆ చట్టం వీలు కల్పించింది. నేటి అమెరికా విమాన సంస్థలు పెక్కింటికి మూలం ఆ తపాలా కాంట్రాక్టులే. ప్రయాణికులు దొరకని రోజుల్లో ఉత్తరాలే ఆ సంస్థలను బతికించాయి.

సెయింట్ లూయిస్ – షికాగో మార్గం

ఆ కాంట్రాక్టుల్లో రెండోది సెయింట్ లూయిస్ నుంచి షికాగోకు. స్ప్రింగ్‌ఫీల్డ్, పియోరియా పట్టణాల్లో దిగుతూ 278 మైళ్లు సాగే మార్గమది. దాన్ని దక్కించుకున్నది రాబర్ట్‌సన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్. ఆ చిన్న సంస్థ లిండ్‌బర్గ్‌ను ప్రధాన పైలట్‌గా నియమించుకుంది. దిగడానికి అనువైన పొలాలు వెతకడం, రైతులతో మాట్లాడి ఒప్పించడం, వేళలు నిర్ణయించడం, తోటి పైలట్లను ఎంపిక చేయడం అన్నీ ఆయన బాధ్యతలే. సైనిక శిక్షణలో తనతో చదివిన ఫిలిప్ లవ్‌ను ఆ బృందంలోకి తీసుకున్నారు.

1926 ఏప్రిల్ 15న సేవ మొదలైంది. విమానాలు యుద్ధం నాటి డీహావిలాండ్లు. సైన్యం వదిలించుకున్న పాత సరుకే. పైలట్ కూర్చునే చోటికి పైకప్పు లేదు. రేడియో లేదు. చలికాలంలో సగం దారి చీకట్లోనే సాగేది. మబ్బులు కమ్మినా, పొగమంచు పట్టినా కింద కనిపించే ఊళ్ల దీపాలే దిక్కు. ఉత్తరాలు మాత్రం వేళకు చేరాలి.

1926 సెప్టెంబరు 16 రాత్రి షికాగో సమీపంలో నేల కనిపించనంతగా పొగమంచు కమ్మింది. దిగే చోటు కోసం తిరుగుతుండగానే ఇంధనం అయిపోయింది. మరమ్మతు కోసం పెద్ద ట్యాంకును తీసి, దాని స్థానంలో చిన్నది బిగించిన సంగతి పైలట్‌కు ఎవరూ చెప్పలేదు. లిండ్‌బర్గ్ చీకట్లోకి దూకారు. ఆయన దూకాక, తొట్టి అడుగున మిగిలిన ఇంధనంతో ఇంజిన్ మళ్లీ అందుకుంది. మనిషి లేని విమానం ఆయన చుట్టూనే గిరికీలు కొడుతూ కిందికి దిగింది. నేల మీద పడ్డాక ఆయన మొదట చేసిన పని విమానాన్ని వెతికి తపాలా సంచులను బయటికి తీసి ముందుకు పంపడం. ఏడు వారాలు గడవకముందే, నవంబరు 3న, ఇదే దారిలో మరోసారి దూకవలసి వచ్చింది. 1925 వేసవిలో ఒక కొత్త విమానాన్ని పరీక్షిస్తూ దూకినదాన్నీ కలిపితే అది నాలుగోసారి.

ఇంధనాన్ని చుక్కచుక్కా లెక్కపెట్టడం, ఒంటరిగా రాత్రంతా మెలకువగా ఉండటం, మబ్బుల తీరు చూసి ముందుకా వెనక్కా అని తేల్చుకోవడం ఏ తరగతి గదిలోనూ ఆయన నేర్చుకోలేదు. తపాలా ఉద్యోగమే నేర్పింది. ఆ సంస్థ తర్వాతి కాలంలో మరికొన్నిటితో కలిసి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌గా ఎదిగింది.

ఆదివారపు సైనికుడు

తపాలా ఉద్యోగం వచ్చినా లిండ్‌బర్గ్ సైన్యాన్ని వదల్లేదు. 1925 చివర్లో మిస్సోరి నేషనల్ గార్డ్‌కు చెందిన 110వ అబ్జర్వేషన్ స్క్వాడ్రన్‌లో చేరారు. నేషనల్ గార్డ్ అంటే రాష్ట్రాల చేతిలో ఉండే సైనిక దళం. దేశానికి అవసరమైతే జాతీయ సైన్యంలో భాగమవుతుంది. ఆ స్క్వాడ్రన్ స్థావరం సెయింట్ లూయిస్‌లోని లాంబర్ట్ ఫీల్డ్. రాబర్ట్‌సన్ సంస్థ కార్యాలయం కూడా అక్కడే. ఆ సంస్థ అధిపతి విలియం రాబర్ట్‌సన్ కూడా గార్డ్ అధికారే. యజమాని, ఉద్యోగి ఇద్దరూ ఒకే దళంలో ఉండటంతో ఉద్యోగానికీ, కవాతుకూ మధ్య పేచీ రాలేదు. నేటి రిజర్వు పైలట్లలో చాలామందికి ఈ వెసులుబాటు ఉండదు. వారికి ప్రతి నెలా సెలవు అడగడమే ఒక పరీక్ష.

గార్డ్ వల్ల ఆయనకు డబ్బు పెద్దగా రాలేదు. వచ్చిన లాభాలు వేరు. నిర్వహణ మీద శ్రద్ధ, తోటివారికి నేర్పే అలవాటు, యుద్ధం చూసివచ్చిన సీనియర్ పైలట్ల సాంగత్యం అక్కడ దొరికాయి. 1926లో కెప్టెన్ హోదా లభించింది. ఇరవై నాలుగేళ్ల తపాలా పైలట్ ఒక నగరంలోని బ్యాంకర్ల, వర్తకుల తలుపు తట్టినప్పుడు ఆ హోదా బరువు ఏమిటో తెలిసింది.

పారిస్ దాకా

న్యూయార్క్, పారిస్‌ల మధ్య ఆగకుండా ఎగిరినవారికి 25,000 డాలర్లు ఇస్తానని హోటల్ యజమాని రేమండ్ ఆర్టీగ్ 1919లోనే ప్రకటించారు. తపాలా మోస్తున్న రోజుల్లోనే లిండ్‌బర్గ్ మనసు దాని మీదికి మళ్లింది. తపాలా జీతంలో దాచుకున్న 2,000 డాలర్లను ఆయన ముందుపెట్టారు. మిగిలిన సొమ్మును సెయింట్ లూయిస్ వ్యాపారులు సమకూర్చారు. వారిలో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసిన మేజర్ ఆల్బర్ట్ బాండ్ లాంబర్ట్, యజమాని రాబర్ట్‌సన్ కూడా ఉన్నారు. శాన్ డియెగోలోని ర్యాన్ సంస్థ రెండు నెలల్లో విమానం కట్టింది. దాని పేరు స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్.

1927 మే 20 ఉదయం 7 గంటల 52 నిమిషాలకు న్యూయార్క్ దగ్గరి రూజ్‌వెల్ట్ ఫీల్డ్ నుంచి బయల్దేరారు. మర్నాటి రాత్రి 10 గంటల 22 నిమిషాలకు పారిస్ శివార్లలోని లె బూర్జెలో దిగారు. సుమారు 5,800 కిలోమీటర్ల దూరం. తోడు పైలట్ లేడు, రేడియో లేదు. ఆయన కన్నా ముందు ఈ ప్రయత్నంలో పేరుమోసిన యోధులు ప్రాణాలు కోల్పోయారు. ఇంధనం కోసం మిగతా బరువంతా తగ్గించుకోవాలన్న లెక్కలోనూ, రాత్రి ఒంటరితనాన్ని ఓర్చుకోవడంలోనూ తపాలా పైలట్ విద్యే ఆయనకు అండగా నిలిచింది.

ఈ విజయంతో రిజర్వులో కెప్టెన్ ఒక్కసారిగా కల్నల్ అయ్యారు. అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్‌ను కాంగ్రెస్ ప్రత్యేక చట్టం ద్వారా ప్రకటించింది. అప్పటికి ఆయనకు ఏ యుద్ధంలోనూ పాల్గొన్న అనుభవం లేదు. ఆ తర్వాత ఆయన వృత్తి మాత్రం పౌర విమానయానంలోనే సాగింది. అమెరికా తూర్పు, పడమర తీరాలను కలిపే ట్రాన్స్‌కాంటినెంటల్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్‌కు సాంకేతిక సలహాదారుగా పనిచేశారు. పాన్ అమెరికన్ సంస్థ కోసం భార్య ఆన్ మారోతో కలిసి ఖండాలు దాటి కొత్త మార్గాలను సర్వే చేశారు. 1932లో వారి తొలి బిడ్డ అపహరణకు గురై, హత్యకు బలయ్యాడు. ఆ విషాదం, దాని వెంటపడిన పత్రికల వేట ఆ దంపతులను 1935 చివర్లో దేశం విడిచి వెళ్లేలా చేశాయి.

యూనిఫాం ఒకవైపు, ఉద్యోగం ఒకవైపు

రెండు పాత్రల మధ్య తొలి ఘర్షణ 1934 ఫిబ్రవరిలో వచ్చింది. తపాలా కాంట్రాక్టుల పంపకంలో కుమ్మక్కు జరిగిందన్న ఆరోపణలపై అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వాటన్నింటినీ రద్దు చేశారు. ఉత్తరాలు మోసే పనిని సైనిక వైమానిక దళానికి అప్పగించారు. కల్నల్ లిండ్‌బర్గ్ దీన్ని నిరసిస్తూ అధ్యక్షుడికి టెలిగ్రామ్ పంపి, అదే సమయంలో పత్రికలకూ ఇచ్చారు. విచారణ లేకుండా సంస్థలన్నింటినీ దోషులుగా నిలబెట్టడం అన్యాయమన్నది ఆయన వాదన. విమాన సంస్థల్లో ఆయనకు వాటాలు ఉన్న సంగతిని విమర్శకులు ఎత్తిచూపారు. అది నిజమే.

కానీ ఆకాశంలో జరిగింది ఆయన ఊహించినదే. సైనిక పైలట్లలో చాలామంది కుర్రవాళ్లు. రాత్రివేళ, మబ్బుల్లో, పరికరాల ఆధారంగా ఎగిరే అనుభవం వారికి చాలా తక్కువ. ఆ ఏడాది చలికాలం అతి కఠినమైనది. కొన్ని వారాల్లోనే పదిమందికి పైగా మరణించారు. వేసవి నాటికి తపాలా మళ్లీ ప్రైవేటు సంస్థల చేతికి వచ్చింది. రోజూ ఎగిరే ఉద్యోగి చేతికీ, అప్పుడప్పుడు ఎగిరే సైనికుడి చేతికీ తేడా ఏమిటో దేశానికి తెలిసింది. సైన్యం కూడా పాఠం నేర్చుకుని పరికరాల శిక్షణను పెంచింది. ప్రభుత్వంతో లిండ్‌బర్గ్ సంబంధాల్లో పడిన పగులు మాత్రం పూడలేదు.

భారత్‌కు వచ్చిన లిండ్‌బర్గ్

యూరప్‌లో ఉన్న కాలంలో, 1937 ఆరంభంలో, లిండ్‌బర్గ్ దంపతులు చిన్న సొంత విమానంలో భారతదేశానికి వచ్చారు. రామకృష్ణ పరమహంస శతజయంతి సందర్భంగా కలకత్తాలో జరిగిన సర్వమత మహాసభకు హాజరయ్యారు.

అప్పటికి ఇక్కడ కూడా విమానయానం తపాలా సంచులతోనే మొదలై ఉంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాలతో ఎగిరారు. బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు వాటిని చేర్చినవారు నెవిల్ విన్‌సెంట్. ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి బయటికి వచ్చిన పైలట్. రిజర్వు ప్రశ్న కూడా ఇక్కడికి కొద్దికాలంలోనే వచ్చింది. 1939లో భారత వైమానిక దళ వాలంటీర్ రిజర్వు ఏర్పడింది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో, పౌర సంస్థల్లో ఎగురుతున్నవారు అందులో చేరారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్, విశాఖపట్నం తీరాల్లో గస్తీ దళాలు వెలిశాయి. ఇంగ్లండ్, భారత్‌ల మధ్య ఒంటరిగా ఎగిరి పేరు తెచ్చుకున్న మన్‌మోహన్ సింగ్ ఆ రిజర్వులో చేరినవారే. 1942 మార్చిలో ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవుపై జపాన్ జరిపిన దాడిలో ఆయన మరణించారు. రిజర్వు అంటే ఆదివారపు సరదా కాదనీ, పిలుపు వస్తే ప్రాణం మీదికి వచ్చే బాధ్యత అనీ ఆ మరణం చెబుతుంది.

మూడు రోజుల నిర్ణయం

1936 నుంచి 1938 దాకా లిండ్‌బర్గ్ పలుమార్లు జర్మనీ వెళ్లి అక్కడి వైమానిక బలాన్ని పరిశీలించారు. తాను చూసినదాన్ని అమెరికా సైనిక అధికారులకు తెలియజేశారు. 1938 అక్టోబరులో హెర్మన్ గోరింగ్ చేతుల మీదుగా జర్మన్ పతకం స్వీకరించారు. దాన్ని తిరిగి ఇవ్వకపోవడం ఆయనకు మచ్చగా మిగిలింది.

1939 ఏప్రిల్‌లో అమెరికా తిరిగిరాగానే వైమానిక దళాధిపతి జనరల్ హెన్రీ ఆర్నాల్డ్ కోరిక మేరకు కల్నల్‌గా క్రియాశీల విధుల్లో చేరారు. దేశంలోని విమాన పరిశోధన, తయారీ కేంద్రాలను తనిఖీ చేశారు. సెప్టెంబరులో యూరప్‌లో యుద్ధం మొదలైంది. అమెరికా అందులోకి దిగకూడదని రేడియోలో మాట్లాడాలని ఆయన నిశ్చయించుకున్నారు. అందుకు ముందే క్రియాశీల విధుల నుంచి తప్పుకున్నారు. రిజర్వు హోదాను మాత్రం ఉంచుకున్నారు. ఇక్కడే చిక్కు వచ్చింది. రిజర్వు కల్నల్‌కు అధ్యక్షుడు సర్వసైన్యాధిపతి. పౌరుడిగా ఆ అధ్యక్షుడి విధానాన్ని ఎండగట్టే హక్కు ఉంది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎంతకాలం ఇముడుతాయి?

అమెరికా ఫస్ట్ కమిటీ వేదికల మీద ఆయన ప్రధాన వక్త అయ్యారు. 1941 ఏప్రిల్ 25న రూజ్‌వెల్ట్ విలేకరుల సమావేశంలో, అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది పట్ల మొగ్గు చూపిన ఉత్తరాది నాయకుడితో లిండ్‌బర్గ్‌ను పోల్చారు. దేశభక్తినే శంకించిన మాట అది. ఏప్రిల్ 28న లిండ్‌బర్గ్ రాజీనామా లేఖ పంపారు. వైమానిక దళంతో తనకున్న బంధం జీవితంలో అత్యంత విలువైన వాటిలో ఒకటని అందులో రాసుకున్నారు. అయినా వదులుకున్నారు.

ఆ ఏడాది సెప్టెంబరు 11న డెమోయిన్ నగరంలో చేసిన ప్రసంగంలో, దేశాన్ని యుద్ధంలోకి నెడుతున్నవారంటూ బ్రిటిష్‌వారిని, యూదులను, రూజ్‌వెల్ట్ ప్రభుత్వాన్ని ఆయన వేలెత్తి చూపారు. యూదులపై నాజీల దమనకాండ సాగుతున్న వేళ ఆ మాటలు దేశమంతటా ఆగ్రహం రేపాయి. యూదు వ్యతిరేకి అన్న ముద్ర ఆయనపై ఆనాడు పడింది. చరిత్ర ఆ ముద్రను చెరిపేయలేదు.

యూనిఫాం లేని యుద్ధం

మూడు నెలలు తిరగకముందే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. యుద్ధం వచ్చాక వాదన ముగిసిందని భావించిన లిండ్‌బర్గ్ సైన్యంలోకి తిరిగి తీసుకొమ్మని కోరారు. యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ నిరాకరించారు. దాంతో ఆయన తన రెండో ఇల్లయిన పౌర విమానయానం వైపు తిరిగారు. పాన్ అమెరికన్ సైతం, ప్రభుత్వం కన్నెర్ర చేస్తుందన్న భయంతో వెనక్కి తగ్గింది. యుద్ధ కాలంలో విమాన సంస్థలన్నీ ప్రభుత్వ కాంట్రాక్టుల మీదే నడుస్తాయి. యూనిఫాం పోయినవాడికి ఉద్యోగం కూడా దొరకలేదు. 1925లో రెండు వేర్వేరు దారులుగా కనిపించినవి నిజానికి ఒకే ఇంటికి ఉన్న రెండు తలుపులు.

చివరికి హెన్రీ ఫోర్డ్ చేరదీశారు. విల్లో రన్ కర్మాగారంలో బాంబర్ల తయారీకి లిండ్‌బర్గ్ సలహాలిచ్చారు. తర్వాత యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ ప్రతినిధిగా 1944లో పసిఫిక్ యుద్ధరంగానికి వెళ్లారు. పేరుకు సాంకేతిక సలహాదారు. అయినా యుద్ధ విమానాల్లో దాదాపు 50 దాడుల్లో పాల్గొన్నారు. జులై 28న సెరామ్ ద్వీపం సమీపంలో ఒక జపాన్ విమానాన్ని కూల్చారు. పౌరుడు ఆయుధం పట్టి శత్రువు చేతికి చిక్కితే యుద్ధఖైదీలకు దక్కే రక్షణ కూడా ఉండదు. 42 ఏళ్ల వయసులో, ఏ హోదా లేకుండా, ఆ ప్రమాదాన్ని ఆయన తలకెత్తుకున్నారు.

అక్కడ ఆయన చేసిన అసలు మేలు తుపాకీతో కాదు. పీ-38 విమానాల యువ పైలట్లు ఇంధనాన్ని విచ్చలవిడిగా ఖర్చు చేస్తున్నారని గమనించారు. ఇంజిన్ వేగం తగ్గించి, పీడనం పెంచి, ఇంధన మిశ్రమాన్ని పలుచన చేస్తే ఎక్కువసేపు ఎగరవచ్చని చూపించారు. ఇంజిన్లు పాడవుతాయని మొదట సందేహించినవారు, దాడి ముగించి తిరిగివచ్చాక ఆయన ట్యాంకులో మిగిలిన ఇంధనం చూసి నమ్మారు. విమానాల పరిధి గణనీయంగా పెరిగింది. సముద్రం పాలు కావలసిన పైలట్లు స్థావరాలకు చేరగలిగారు. షికాగో దారిలో ఇంధనం చాలక చీకట్లోకి దూకిన తపాలా పైలట్ నేర్చుకున్న పొదుపు అది.

తిరిగి వచ్చిన హోదా

1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రతిపాదన మేరకు సెనేట్ ఆమోదంతో లిండ్‌బర్గ్ వైమానిక దళ రిజర్వులో బ్రిగేడియర్ జనరల్ అయ్యారు. వదులుకున్న పదమూడేళ్లకు ఆ హోదా ఒక మెట్టు పైకెక్కి తిరిగి వచ్చింది. అదే ఏడాది, అట్లాంటిక్ యాత్రపై రాసిన పుస్తకానికి పులిట్జర్ పురస్కారం లభించింది. పాన్ అమెరికన్‌తో అనుబంధమూ మళ్లీ కుదిరింది. చివరి దశాబ్దంలో వన్యప్రాణుల, అడవుల రక్షణకు కృషి చేశారు. 1974 ఆగస్టు 26న హవాయి దీవుల్లోని మావీలో, 72వ ఏట కన్నుమూశారు.

లిండ్‌బర్గ్ జీవితాన్ని సాహసానికి ఉదాహరణగానో, రాజకీయ పతనానికి ఉదాహరణగానో చెప్పడం పరిపాటి. పైలట్ వృత్తి కోణం నుంచి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. ఉద్యోగం ఆయనకు చేతి నైపుణ్యాన్ని ఇచ్చింది, తిండి పెట్టింది. రిజర్వు క్రమశిక్షణను, సహచరులను, గౌరవాన్ని ఇచ్చింది. వాటి తూకం మాత్రం ఒకటి కాదు. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవచ్చు. రిజర్వు హోదా ఒక ప్రమాణం. అది మనిషి సమయాన్నే కాదు, కొన్ని వేళల్లో అతని మాటను కూడా కట్టేస్తుంది. ఆ కట్టుబాటు మోయగలమా అని చేరేముందే ఆలోచించుకోవాలి. మనస్సాక్షి వద్దంటే వదిలివేయవచ్చు గాని, కావలసినప్పుడు తిరిగి తీసుకునే వీలు మన చేతిలో ఉండదు. లిండ్‌బర్గ్ మూడు రోజుల్లో వదిలినదాన్ని తిరిగి పొందడానికి ఒక ప్రపంచ యుద్ధం గడిచిపోయి, మరో అధ్యక్షుడు రావలసి వచ్చింది.